నాలుగు చుక్కలు

మార్చి 19

ఈ పుస్తకంలో తేదీలు తప్ప అంకె కనిపించకూడదు. ఎంతమంది చూశారు, ఎన్ని లైకులు, రేటింగులో ఎన్ని చుక్కలు, అవన్నీ ఫోన్లోనే పడి ఉండనీ. ఇక్కడికి రానివ్వను. రోజంతా లెక్క చూసుకునే మనిషికి లెక్క లేని చోటు ఒకటి కావాలి.

ఈ రోజు మా నాబుల్ ఊరి సంతకి తొలి నారింజ పూలు వచ్చాయి. అత్త చేతికర్రతో నడిచి వెళ్ళి, మూటలన్నీ విప్పించి, మొగ్గల్లో మోచేతిదాకా చెయ్యి పెట్టి చూసి, చివరాఖరి ఆవిడ దగ్గర కొంది. బేరమాడలేదు. మంచి పూలకి బేరమాడితే వాసన అలుగుతుందట. నాకు నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాను, నేను నవ్వితే అలిగేది పూలు కాదు, మా షెద్లియా అత్త.

ఆవిణ్ణి ఈ నలభై రోజులూ అలగనివ్వకూడదు. పూలకాలం అయిపోయాక, పూలనీళ్ళు తీసే రాగి బట్టీ ఎవరికిస్తుందో చెబుతానంది. నాకో, కొర్బాలో ఉన్న మునియాకో. మునియా అత్తకి మరిది కూతురు, నేను సొంత తమ్ముడి కూతుర్ని. రక్తం లెక్కన నాదే దగ్గర. కానీ అత్తకి రక్తం కన్నా ముక్కు ముఖ్యం. ఆ బట్టీ నాకు కావాలి. హాతెంతో విడాకులయ్యాక ఈ ఇంట్లో నాకంటూ ఉన్నది ఒక మంచం, ఒక కిటికీ. బట్టీ చేతికొస్తే మేనత్త పంచన పడున్న రౌదాని కాదు, పూలనీళ్ళు తీసే రౌదాని. ఆ రెండింటికీ మధ్య ఎంత దూరముందో నాకు తెలుసు.

మార్చి 20

రాయనన్నాను. ఒక్కసారికే. నా పేజీలో పెట్టిన వీడియో, అత్త చేతులు పూలు చెరుగుతున్నది, తొమ్మిది లక్షలమంది చూశారు. ఇంక రాయను.

మార్చి 22

అత్త బడిపిల్లని నిలబెట్టినట్టు నిలబెట్టి పాఠం అప్పజెప్పించుకుంది. ఒక వజ్నా పూలంటే నాలుగు కిలోలు. వజ్నా పూలకి గడ్డి అల్లిన పెద్ద సీసాలు, ఫష్కాలు, రెండు. మొదటిది తొలి నీళ్ళు, పసిపిల్లల పొట్టకీ, పెళ్ళికీ, చావుకీ. రెండోది వంటకీ కాఫీకీ. రెండు నిండగానే మంట తీసేయాలి. చిక్కేమిటంటే, ఆ తర్వాత కూడా గొట్టంలోంచి చుక్కలు పడుతూనే ఉంటాయి. మూడో సీసా కూడా నిండుతుంది. వాసన ఉంటుంది, అడుగున ఉడికిన ఆకు కంపు ఉంటుంది. మా ఇంట్లో ఆ నీళ్ళతో గచ్చు కడుగుతారు.

తర్వాత సంతోషపెడదామని ఫోన్ చూపించాను. ఇదిగో అత్తా, నీ నీళ్ళు కొన్నవాళ్ళంతా అయిదు చుక్కలిచ్చారు అని స్క్రీన్ ఆవిడ ముఖం ముందు పెట్టాను. అత్త ముఖం నల్లబడిపోయింది.

"నా ముఖానికి అయిదు చూపించిందెవత్తే?"

నాకు అర్థమయ్యేసరికి ఆలస్యమైంది. ఎదుటి మనిషి ముఖం మీద అయిదు అంటే, అయిదు వేళ్ళు చాపితే, నీది పాడు దిష్టి, నీ కళ్ళల్లో కొడుతున్నా అని. అత్త తరం వాళ్ళు అయిదో నెల అని కూడా అనరు, నాలుగు దాటాక వచ్చేది అంటారు. ఇది దిష్టి అయిదు కాదత్తా, మెచ్చుకునే అయిదు అని అరగంట చెప్పాను. మెచ్చుకునేవాళ్ళు నోటితో మెచ్చుకోవచ్చుగా, వేళ్ళెందుకు చాపడం అని లేచి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం నాకు కాఫీలో పూలనీళ్ళు వెయ్యలేదు.

మార్చి 27

హాతెం నా పేజీ చూశాడు. చూసినవాళ్ళ జాబితాలో పేరుంది. చూడనీ. నేనేదీ చివరిదాకా చెయ్యలేనని పదకొండేళ్ళు చెప్పిన మనిషి, కూచుని చూడనీ.

మార్చి 28

కొత్త వీడియో పెట్టాను. బట్టీ, మంట, గొట్టం చివర మొదటి చుక్క. చాలా బాగా వచ్చింది. ఎంతమంది చూశారో చూడలేదు.

మార్చి 28, మళ్ళీ

చూశాను. నాలుగు వేలు. లక్షలు ఎక్కడ, వేలు ఎక్కడ. అదే మంట, అవే పూలు, అవే చేతులు. నేనేం తగ్గించానని వీళ్ళకి? నాకు ఏడుపొచ్చింది, ఆ ఏడుపు మీద కోపమొచ్చింది. నలభై ఒక్కేళ్ళ ఆడదాన్ని, ముక్కూ ముఖం తెలియనివాళ్ళు చూడలేదని వంటింట్లో ఉల్లిపాయలు ముందేసుకుని కూచున్నాను, ఎవరైనా అడిగితే చెప్పడానికి. ఎవరూ అడగలేదు.

ఏప్రిల్ 2

ట్యూనిస్‌లో కొట్టు నడిపే ఎమ్నా గారు ఫోన్ చేసింది. నీ పేజీకి మంచి పేరుంది, చెప్పిన రోజుకి సరుకు చేర్చు, చుక్కలు తగ్గకుండా చూసుకో, మిగతాది నేను చూసుకుంటానంది. తియ్యగా మాట్లాడుతుంది. ప్రతి మాటా తూకం వేసినట్టుంటుంది. లైవ్ పెట్టి, నెలాఖరులోగా అడిగిన ప్రతి ఒక్కరికీ తొలి నీళ్ళు పంపుతానని మాటిచ్చాను. మాటిస్తుంటే తెర మీద గుండె గుర్తులు పైకి పైకి తేలిపోయాయి. బాగుంది. బాగుంటే బాగుందనే రాస్తాను, దీనికేం సిగ్గు.

ఏప్రిల్ 5

వాన. రాత్రీ పగలూ. పూలన్నీ బురదలో.

ఏప్రిల్ 6

మునియా ప్రసవించింది. ఆడపిల్ల. అత్త తొలి నీళ్ళ సీసా చంకలో పెట్టుకుని కొర్బా వెళ్ళింది, వారం ఉంటుందట. వెళ్తూ వెళ్తూ బట్టీ మీద చెయ్యి వేసి, "నా ముక్కు నీ దగ్గర వదిలి వెళ్తున్నా" అంది. అంటే నన్ను నమ్ముతోందనా, మునియా ఒడిలో పిల్లని చూసి మనసు మార్చుకుంటుందనా? రోజంతా ఆలోచించాను. ఆలోచించానని ఒప్పుకోవడం ఇష్టం లేదు.

సాయంత్రం వీధిలో అందరినీ అడిగాను, పేజీలో చుక్కలు ఇవ్వండమ్మా, పోయిన వారం మీకు సీసాలిచ్చానుగా అని. హజ్జా దూజా ఇంట్లో నలుగురు ముసలమ్మలు ఎప్పుడూ కలిసే ఉంటారు, దూజా, మన్నానా, తుర్కియా, జొబైదా. నలుగురికీ ఏది ఎక్కడ నొక్కాలో చూపించాను. సరేనన్నారు, టీ ఇచ్చారు.

ఏప్రిల్ 9

సంతలో పూలు సగానికి సగం తక్కువ. ఒక్క వజ్నా దొరికింది. దాని తొలి నీళ్ళు పంచినా అడిగినవాళ్ళు ఇంకా పదకొండుమంది మిగిలారు.

ఈ మాట ఇక్కడ రాస్తే నిజమవుతుంది, అందుకే ఇంతసేపు కలం పట్టుకుని కూచున్నాను. రెండు ఫష్కాలు నిండాక మంట తియ్యలేదు. మూడోది పెట్టాను. చుక్కలు పడ్డాయి, వాసన కూడా వచ్చింది, అంత తేడా ఏమీ లేదు. తేడా ఉంది. పదకొండు చిన్న సీసాల్లో పోసి "తొలి నీళ్ళు" అని చీటీ అంటించి పోస్టాఫీసులో ఇచ్చి వచ్చాను. ఎమ్నా గారన్న రోజుకి అన్నీ చేరతాయి.

నేను బట్టీ దగ్గరుండగా హజ్జా దూజా గుమ్మంలోకొచ్చింది. ఏదో అడగబోయి ఆగి, ముక్కు ఎగబీల్చింది. తుమ్మో, ఇంకేమిటో. వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 12

పదకొండుమందిలో తొమ్మిదిమంది అప్పుడే అయిదేసి చుక్కలిచ్చారు. ఒకావిడ తన బామ్మ ఇల్లు గుర్తొచ్చిందని రాసింది. ఇంకొకాయన ఇంత మంచి తొలి నీళ్ళు పుట్టాక చూడలేదన్నాడు. గచ్చు కడిగే నీళ్ళు తాగి.

నాకు హాయిగా ఉంది. చాలా హాయిగా ఉంది.

ఏప్రిల్ 13

ఈ రోజు వరసగా నాలుగుసార్లు ఫోన్ టింగుమంది. దూజా, మన్నానా, తుర్కియా, జొబైదా. నలుగురూ నాలుగేసి చుక్కలు. ఒక్కొక్కరూ, కూడబలుక్కున్నట్టు. నాలుగు పాయింట్ తొమ్మిది మీదున్న పేజీ దబ్బున కిందికి జారింది.

కనిపెట్టేశారు. ఆ రోజు దూజా ముక్కు ఎగబీల్చింది దీనికే. బామ్మ గుర్తొచ్చే ట్యూనిస్ వాళ్ళకి తెలియదు కానీ, ఈ వీధి ముసలమ్మలకి మూడో సీసా అంటే ఏమిటో పుట్టుకతో తెలుసు. చెప్పాల్సింది నా ముఖాన చెప్పాలి కానీ లోకం చూసేలా చుక్క కోసేస్తారా? రేపు అడుగుతాను. వాళ్ళేమన్నా అననీ, నేను భయపడను. నాలుగు వీధులకి వినపడేలా అడుగుతాను.

ఏప్రిల్ 14

అడిగాను.

వాళ్ళు నలుగురూ పెద్ద పళ్ళెం చుట్టూ కూచుని కూస్‌కూస్ కోసం రవ్వ పాముతున్నారు. నేను కూర్చోలేదు, సలామైనా సరిగ్గా చెప్పలేదు. ఏప్రిల్ తొమ్మిదిన మీరు వాసన పట్టారని నాకు తెలుసు, మూడో సీసా తీశాను, నిజమే, పూలు లేవు, మాటిచ్చాను, ఏం చెయ్యమంటారు, మీకేమన్నా అనాలనుంటే నా ముఖాన అనాలి, అని గడగడా అనేశాను. వాళ్ళ చేతులు రవ్వలో ఆగిపోయాయి. తుర్కియా అయితే నోరు కూడా మూయలేదు.

"మూడో సీసా ఏంటే?" అంది హజ్జా దూజా.

అప్పటికి వాక్యం నా నోరు దాటిపోయింది. వెనక్కి తీసుకోవడానికి లేదు. మరి చుక్క ఎందుకు కోసేశారని అడిగాను, గొంతు సగానికి పడిపోయి.

ఆవిడకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నన్ను జాలిగా చూసింది, ఆ జాలి చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

"నీ ముఖాన అయిదు కొట్టడానికి మేం నీకేమన్నా శత్రువులమా? నిన్ను ఎత్తుకు తిప్పినవాళ్ళమే. ఆ బొమ్మలో అయిదుంటే నలుగురం అనుకుని ఒకటి వదిలేశాం. దిష్టి తగలకూడదని."

ఆ రోజు ముక్కెగబీల్చడం దేనికంటే, పడిశం. ఇప్పటికీ తగ్గలేదు.

అంటే మొత్తం ఈ పేజీలో నా మేలు కోరి ఎవరన్నా నొక్కారంటే, నేను నిన్నట్నించీ తిట్టుకున్న ఆ నాలుగే. గచ్చు నీళ్ళకి పడినవేమో నిండుగా అయిదేసి. నేను ఇంటికొచ్చి గదిలో తలుపేసుకున్నాను. వచ్చేముందు దూజా ఒకటే అంది, షెద్లియాకి మేం చెప్పం, నీ నోటితో నువ్వే చెప్పుకో.

ఏప్రిల్ 15

అత్త వచ్చింది. చెప్పలేదు.

ఏప్రిల్ 16

మునియా గురించే మాట్లాడుతోంది. పిల్ల బాగుందట, మునియాకి పాలు బాగా పడ్డాయట. చెప్పలేదు.

ఏప్రిల్ 17

చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. ముసలమ్మలు నోరు విప్పరు. పేజీ నాలుగు పాయింట్ ఏడు మీదుంది, మళ్ళీ పెరుగుతుంది. బట్టీ నాకు వస్తుంది. నేను ఆ బట్టీ దగ్గర కూచున్న ప్రతిసారీ ఇది గుర్తొస్తుంది, అంతే. అంతేనా? ఈ "అంతే" ఏమిటి, హాతెం మాటలా వినిపిస్తోంది. వాడు కూడా ప్రతిదానికీ అంతే అనేవాడు.

ఏప్రిల్ 18

చెప్పాను. అత్త పెరట్లో ముక్కాలిపీట మీద కూచుని కాలికి ఆలివ్ నూనె రాసుకుంటోంది. నేను నిలబడే చెప్పాను. వాన, పదకొండుమంది, మూడో సీసా, చీటీ, అన్నీ. సాకులు కూడా చెప్పాను, ఆవిడ అడ్డుకోలేదు.

అత్త నూనె రాయడం ఆపలేదు. ఆ నీళ్ళు పుచ్చుకున్నవాళ్ళు ఏమన్నారని అడిగింది. మెచ్చుకున్నారని చెప్పాను. వేళ్ళన్నీ చాపి మెచ్చుకున్నారు.

"అయితే వాళ్ళకి ముక్కుల్లేవు" అంది. రెండో కాలు చాపి, "నీకుందిగా" అంది.

తిట్టినా బాగుండేది. బట్టీ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు, ఎత్తే ముఖం లేదు. మునియాకే వెళ్తుంది. వెళ్ళనీ. కానీ గచ్చు నీళ్ళకి తొలి నీళ్ళని పేరు పెట్టి పంపిన రౌదాగా మాత్రం నేను మిగలను. అది నా చేతుల్లో ఉంది.

ఏప్రిల్ 19

పదకొండుమందికీ రాశాను. మీకు వచ్చింది మూడో నీళ్ళు, మొక్కలకి పోసుకోండి, వచ్చే పూలకాలంలో అసలు తొలి నీళ్ళు పంపుతాను అని. తర్వాత పేజీలో ఒక వీడియో పెట్టాను. నా ముఖం లేదు, ఏడుపు లేదు. రెండు సీసాలు పక్కపక్కన పెట్టి, ఇది తొలిది, ఇది మూడోది, మూడోదాన్ని తొలిదని చెప్పి అమ్మింది నేను, అత్త కాదు అన్నాను. నలభై సెకన్లు.

ఏప్రిల్ 20

మోసగత్తె అన్నారు. ఉమ్మేశారు. బామ్మ గుర్తొచ్చినావిడ తన అయిదు తీసేసి ఒకటి పెట్టింది. ఏ నీళ్ళూ కొననివాళ్ళు కూడా వచ్చి ఒకటి పెట్టి పోతున్నారు. ఇంతకుముందు ఏ నీళ్ళూ కొననివాళ్ళే వచ్చి అయిదు పెట్టి పోయారు, అప్పుడు నేను వాళ్ళని ఒక్క మాట అనలేదు. ఆ మాట ఇప్పుడు తడుతోంది.

ఏప్రిల్ 21

పేజీ మూడు పాయింట్ ఒకటి.

ఏప్రిల్ 22

వీడియో పన్నెండు లక్షలమంది చూశారు. అత్త చేతులకన్నా ఎక్కువ. నా మోసానికి.

నిజం రాస్తాను. పొద్దున్నించీ సాయంత్రం దాకా చూస్తూ కూచున్నాను. అంకె మారిన ప్రతిసారీ తెర ఇంకోసారి కిందికి లాగాను. సిగ్గుపడాల్సిన పనికి జనం ఎగబడితే సిగ్గు కాస్తా సంబరమైపోతోంది, నేను చూస్తుండగానే, నా లోపలే. అన్నం ముందు కూచున్నా ఫోన్ పళ్ళెం పక్కనే ఉంది. అత్త గిన్నెలు తీసేసి వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 23

ఎమ్నా గారు ఫోన్ చేసింది. ఆవిడ గొంతులో ఎంత ఆనందమో. ఈసారి ముఖం చూపించమంది, కళ్ళల్లో నీళ్ళుంటే మంచిదట, విడాకుల సంగతి కూడా కొంచెం కలపమంది, జనం కరిగిపోతారట. చుక్కలు పోతే పోనీ, పాత పేజీ మూసేసి కొత్త పేరుతో తెరిస్తే లెక్క మొదటినుంచి మొదలవుతుందంది.

కుదరదన్నాను.

ఎందుకు కుదరదో ఆవిడకి అర్థం కాలేదు, నేను మొండిదాన్నంది. అవును, మొండిదాన్నే. ఆ మూడు పాయింట్ ఒకటి నాది. నేను చేసిన పనికి వచ్చింది. ఆ తొమ్మిది లక్షలూ, ఆ నాలుగు పాయింట్ తొమ్మిదీ ఎవరికి వచ్చాయో, దేనికి వచ్చాయో నాకిప్పటికీ తెలియదు, నాకేమీ చెప్పలేదు అవి. దీనికి మాత్రం కారణం తెలుసు. తీసేయను. పేరు మార్చను. ఏడవను. మీకు కావాల్సింది నా కన్నీళ్ళయితే అవి నేను సీసాల్లో పోసి అమ్మడం లేదని చెప్పి పెట్టేశాను. ఫోన్ పెట్టేశాక ఎంత ధైర్యంగా మాట్లాడానో అనిపించి కాసేపు వంటింట్లో అటూ ఇటూ తిరిగాను.

తర్వాత ఎంతమంది చూశారో చూశాను. అంత త్వరగా పోదు ఇది. కానీ చూసి పక్కన పెట్టి పప్పు నానబోశాను.

ఏప్రిల్ 25

ఒక్కసారి చూశాను. పూలు చెరిగాక.

ఏప్రిల్ 27

సంతలో చివరి మూట. ఆఖరి వజ్నా. చెట్లమీద ఇంక పిందెలే ఉన్నాయి.

అత్త ఎప్పుడూ వేరేవాళ్ళు బట్టీ పెడుతుంటే పక్కనుంచి కదలదు. ఇరవై ఏళ్ళనించీ చూస్తున్నాను. ఒకసారి మునియా పెడుతుంటే జ్వరంతో కూడా దుప్పటి కప్పుకుని పక్కనే కూచుంది. ఈ రోజు నేను పూలు పోసి, మూత బిగించి, గొట్టం అతుకుకి పిండి మెత్తి మంట పెట్టేసరికి ఆవిడ ఊరి స్నానశాలకి తువ్వాలూ, రాగి తట్టా సర్దుకుంటోంది.

"హమ్మామ్‌కి పోయొస్తా. ఎముకలు పట్టేశాయి" అంది.

ఇప్పుడా అన్నాను. మరెప్పుడంది. కర్ర టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయింది, గుమ్మం దగ్గర వెనక్కి కూడా చూడలేదు.

ఒక్కదాన్నే కూచున్నాను. మొదటి ఫష్కా నిండింది. రెండోది నిండింది. మూడోది ఖాళీగా గోడ పక్కన ఉంది, గొట్టంలోంచి చుక్కలు ఇంకా పడుతున్నాయి, వాసన ఇంకా బాగానే ఉంది, ఎవరూ లేరు. మంట తీసేశాను. పడుతున్న చుక్కల కింద తుడుపుగుడ్డ బకెట్ పెట్టి, ఆ నీళ్ళతో గచ్చంతా కడిగాను.

అత్త పొద్దువాలే అసర్ నమాజు పిలుపుకి తిరిగొచ్చింది, ముఖం ఎర్రగా, జుట్టు తడిగా. ఆకలేస్తోందంది. రొట్టె, మిరపకారం, నిన్నటి కూర పెట్టాను. కూచుని మెల్లగా తిన్నది. బట్టీ లోపల కళాయి పోయిందట, చలికాలంలో పట్టుకెళ్ళి పూయించమంది, బజారు మొదట్లో వాడి దగ్గర కాదు, వాడు పల్చగా పూస్తాడు, లోపలి సందులో ముసలాయన దగ్గర. ఎవరు పట్టుకెళ్ళాలని అడిగాను.

"నీ బట్టీ నువ్వు కాక ఎవరు మోస్తారే?" అంది నోట్లో రొట్టెతోనే.

ఆవిడ ఇంకొంచెం కారం అడిగింది. తినడం అయ్యాక రెండు ఫష్కాలూ ఒక్కొక్కటిగా తనే మోసుకెళ్ళి చీకటిగదిలో పెట్టొచ్చింది. మూత తీసి వాసన చూడలేదు.